మాఫీకి ముందు లెక్క: ఒప్పుకోలు ప్రార్థన ఎలా చేయాలి?

2024 వానకాలంలో మా ఇబ్రహీంపట్నం మండలంలో ఎవరు ఎదురుపడ్డా ఒకటే పలకరింపు: "నీది మాఫీ అయిందా?" జూలై 18న లక్ష లోపు వాళ్లకు, నెలాఖరుకు లక్షన్నర లోపు వాళ్లకు, ఆగస్టు 15న 2 లక్షల దాకా. పాస్‌బుక్కు, ఆధార్ కార్డు ఒకే కవర్లో చుట్టుకుని జనం లిస్టుల చుట్టూ తిరిగారు. ఆ రోజుల్లోనే ఒక ఆదివారం చర్చిలో పరలోక ప్రార్థన చెప్పుకుంటున్నాం. 'ఋణములు' అన్న మాట రాగానే పక్కన చాప మీద కూర్చున్న ముసలాయన గొంతు కాస్త పెద్దదైంది. నాకు నవ్వొచ్చింది. ఇంటికొచ్చాక ఆలోచిస్తే, ఆ పూట మా అందరిలో ఆ ప్రార్థనను అర్థంతో చెప్పింది ఆయనొక్కడేనేమో అనిపించింది.

మత్తయి సువార్త 6వ అధ్యాయంలో యేసు నేర్పిన ప్రార్థనలో ఉన్నది అప్పుల మాటే. ప్రొటెస్టెంట్లు చదివే పాత తెలుగు బైబిల్లో అది 'ఋణములు', కతోలికులు చెప్పే పరలోక జపంలో 'అప్పులు'. లూకా సువార్త 11వ అధ్యాయంలో అదే ప్రార్థనలో ఆ చోట 'పాపములు' అని ఉంటుంది. రెండూ ఒకటే. యేసు మాట్లాడిన అరమాయిక్‌లో 'హోబా' అనే ఒక్క మాటకే అప్పు అనీ పాపం అనీ రెండు అర్థాలు. బాకీ, ఉద్దెర, చిట్టీ, మిత్తి, గల్ఫ్ వీసా కోసం తెచ్చిన అప్పు... ఇన్ని పేర్లతో రుణాన్ని ఎరిగిన ప్రాంతం మాది. తప్పు చేస్తే కూడా ఇక్కడ "మాఫ్ చెయ్యి" అంటాం. ఉర్దూ నుంచి వచ్చిన ఆ మాట బ్యాంకు అప్పుకూ, మనసు నొప్పికీ ఒకటే.

నేను చెబుతున్నది జగిత్యాల జిల్లా ఇబ్రహీంపట్నం గురించి. హైదరాబాద్ పక్కదీ కాదు, విజయవాడ పక్కదీ కాదు. 2016 అక్టోబర్ దాకా కరీంనగర్ జిల్లాలో ఉండేది. కోరుట్ల, మెట్‌పల్లి మా సంతలు, ఉత్తరాన గోదావరి. ఇక్కడి క్రైస్తవులు కొద్దిమందే అయినా అందులోనూ రకాలున్నాయి: సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం) వాళ్లు, కతోలికులు, ఇంటి ముందు షెడ్డు వేసి ప్రార్థన జరుపుకునే స్వతంత్ర సంఘాల వాళ్లు. అందరి దగ్గరా ఒప్పుకోలు ఉంది, చేసే పద్ధతే వేరు. కొత్తగా చర్చికి వస్తున్నవాళ్లకూ, చిన్నప్పటి నుంచి వస్తూ కూడా ఆ భాగం రాగానే పెదవులు మాత్రమే కదిపేవాళ్లకూ (నేను చాలా ఏళ్లు ఆ జాబితాలోనే ఉన్నాను) ఈ వరుస.

మొదటి అడుగు: మాటలు తెలుసుకోండి

ఒప్పుకోలు అంటే దేవుడికి తెలియని సంగతి చేరవేయడం కాదు. కొత్త నిబంధన గ్రీకులో దీనికి వాడిన 'హోమోలొగెయో' అనే క్రియకు మూలార్థం 'అదే మాట అనడం'. కిరాణా సేటు ఉద్దెర పుస్తకం తెరిచి "నీ పేరు మీద 1,460 ఉన్నయి" అంటాడు. మీరు "అవును, అంతే" అంటారు. అదీ ఒప్పుకోలు. అంకె ఆయన దగ్గర ముందే ఉంది. మీ నోటి నుంచి ఆ 'అవును' రావడమే కొత్త. మన భాషలో తప్పుకు ఎదుటి మాట ఒప్పు. ఆ ఒప్పు లోపల దాచుకునే 'ఒప్పుకోలు' పుట్టింది. తప్పును ఒప్పుతో మొదలెట్టి చెప్పే వీలు ఎన్ని భాషలకుందో!

క్షమించడానికి గ్రీకులో ఎక్కువగా వాడిన మాట 'అఫియేమి'. వదిలేయడం, పట్టు సడలించడం. అప్పు కొట్టివేయడానికీ అదే మాట. తెలుగులో క్షమ అంటే ఓర్పు. భూమికి కూడా క్షమ అని ఒక పేరు, ఎంత తొక్కినా మోస్తుంది గనక. ఈ రెండూ కలిపి చూస్తే అర్థం పూర్తవుతుంది. వదిలేసేవాడు ఏదో ఒకటి మోయాల్సిందే. పంట రుణం మాఫీ అయితే అప్పు గాలిలో కలిసిపోలేదు, బ్యాంకుకు ప్రభుత్వం కట్టింది. మన లెక్కను దేవుడే తన మీద వేసుకున్నాడనీ, ఆ చోటు సిలువ అనీ క్రైస్తవుల నమ్మకం. క్రైస్తవ ప్రార్థనలో క్షమాపణ అడగడం చవక పని కాకపోవడానికి కారణం ఇదే.

ఇంకో రెండు మాటలు తరచుగా కలగాపులగం అవుతాయి. పశ్చాత్తాపం అంటే జరిగిపోయాక లోపల రగిలే మంట. మారుమనస్సు అంటే నడుస్తున్న దారి నుంచి వెనక్కి మళ్లడం. యేసును పట్టిచ్చిన యూదా ఇస్కరియోతుకు మొదటిది నిండుగా ఉంది. 30 వెండి నాణేలు తిరిగి ఇచ్చేశాడు, తప్పు చేశానని యాజకుల ముందే అన్నాడు, ఆపైన ఉరిపోసుకున్నాడు. పేతురు కూడా యేసు పట్టుబడిన రాత్రే మూడుసార్లు గురువునెరుగనన్నాడు, బయటికెళ్లి ఏడ్చాడు, కానీ తిరిగొచ్చాడు. తేడా కన్నీళ్ల కొలతలో లేదు, కాళ్లు ఎటు నడిచాయన్న దగ్గర ఉంది.

రెండో అడుగు: ఎవరి ముందు కూర్చున్నారో చూసుకోండి

చాలామంది నేరుగా పాపాల పట్టికతో మొదలుపెడతారు, పోలీసు స్టేషన్లో వాంగ్మూలం ఇస్తున్నట్టు. యేసు నేర్పిన ప్రార్థన 'తండ్రీ' అనే పిలుపుతో మొదలవుతుంది, అప్పుల ప్రస్తావన సగం దాటాక గానీ రాదు. ఆ వరుస ఊరికే పెట్టింది కాదు. లూకా 15లో ఇల్లు వదిలిపోయిన చిన్నకొడుకు ఒప్పుకోలు మాటలు దారి పొడవునా వల్లె వేసుకుంటూ వస్తాడు. తండ్రి దూరం నుంచే చూసి పరుగెత్తుకొచ్చి కౌగిలించుకుంటాడు; కొడుకు వల్లె వేసుకున్న చివరి వాక్యం, అదే కూలివాడిగా పెట్టుకోమనేది, చెప్పే సందే దొరకదు.

కాబట్టి ముందు ఒక నిమిషం ఊరకే కూర్చోండి. మోకాళ్ల మీదా, చాప మీదా, మంచం అంచు మీదా అన్నది పెద్ద విషయం కాదు. ఫోను మాత్రం ఇంకో గదిలో పెట్టండి. ఆడవాళ్లు కొంగు తల మీద వేసుకోవడం మా వైపు అలవాటు. అది మర్యాద, నిబంధన అనుకోవద్దు.

మూడో అడుగు: రోజును వెనక్కి తిప్పండి

పొద్దున లేచిన దగ్గర నుంచి ఈ క్షణం దాకా మనసులో ఒకసారి నడిచి రండి. జెసూయిట్ సభను స్థాపించిన ఇగ్నేషియస్ లొయోలా (1556లో చనిపోయాడు) తన శిష్యులకు రోజూ తప్పనిసరి చేసిన సాధన ఇదే. ముందు ఆ రోజు దొరికిన మేళ్లు తలుచుకోవాలి, తర్వాతే జారిన చోట్లు. మొదట్లో ఒక చీటీ మీద రాసుకుంటే తేలిక.

రాసేటప్పుడు అసలు కష్టం తెలుస్తుంది. "దేవా, నేను పాపిని, నా పాపములన్నీ క్షమించు" అని రాయడానికి ఏ నొప్పీ ఉండదు. ఆ వాక్యం ఎవరైనా ఎవరి తరఫునైనా రాయొచ్చు. కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల చుట్టుపక్కల ఏ వాడకు పోయినా ఒడిలో చాట పెట్టుకుని బీడీలు చుట్టే ఆడవాళ్లు కనిపిస్తారు. కట్టకు 25, వెయ్యికి 40 కట్టలు. అలా చుట్టే ఒకామె రాత్రి ప్రార్థనలో "ప్రభువా, పనిలో నమ్మకంగా లేను" అంటుందనుకోండి. అది గాలిలో మాట. "ఈ వారం మూడు కట్టల్లో 25కు 24 పెట్టి కట్టిన" అంటే? మాట ఇప్పుడు నేల మీదికి దిగింది. ఇంకాస్త ముందుకు పోతే, "పక్కింటామె తునికాకు చాటలోంచి గుప్పెడు తీసుకున్న, అడిగితే నాకు తెల్వదన్న." ఇక్కడ గొంతు పట్టేస్తుంది. పట్టేసిన చోటే అసలు లెక్క ఉంది, అక్కడ ఆగి చెప్పండి.

చేసినవే కాదు, చేయాల్సి ఉండీ వదిలేసినవీ లెక్కలోకే వస్తాయి. దుబాయిలో ఉన్న కొడుకు నాలుగు రోజులుగా ఫోన్ చేస్తుంటే పాత కోపంతో ఎత్తని తండ్రి ఏ ఆజ్ఞనూ మీరలేదు. అయినా చీటీలో రాసుకోవాలి.

చెప్పకుండా దాచుకుంటే ఏమవుతుందో 32వ కీర్తన చెబుతుంది: మౌనంగా ఉన్నంతకాలం ఎముకలే అరిగిపోయాయంటాడు కీర్తనకారుడు. మన పెద్దలు తేలు కుట్టిన దొంగ అన్నది అతన్నే. నొప్పి ప్రాణం తీస్తున్నా అరవలేడు, అరిస్తే దొరికిపోతాడు.

నాలుగో అడుగు: 'కానీ' తీసేయండి

ఆదికాండం 3వ అధ్యాయంలో దేవుడు అడిగితే ఆదాము హవ్వను చూపిస్తాడు, హవ్వ సర్పాన్ని చూపిస్తుంది. మనుషులు నేర్చుకున్న మొదటి వాదన అది. మన ఇళ్లలో దాని రూపం ఇలా ఉంటుంది: "నేను తిట్టిన మాట నిజమే, కానీ ఆమె కూడా..." ఆ 'కానీ' దగ్గర ఒప్పుకోలు ఆగిపోయి పంచాయితీ మొదలవుతుంది. ఎదుటివాళ్ల తప్పు నిజమే కావచ్చు. దానికి వేరే చీటీ ఉంది, ఎనిమిదో అడుగులో దాని దగ్గరికొస్తాం.

'కానీ' లేకుండా ఎలా మాట్లాడాలో తెలియాలంటే దావీదు రాజు దగ్గరికి పోవాలి. ఒక సైనికుడు యుద్ధంలో ఉంటే అతని భార్యను తెప్పించుకున్నాడు. అది బయటపడకుండా ఆ సైనికుడు ఊరియాను ముందు వరుసలో నిలబెట్టి చంపించాడు. రాజు గనక అడిగేవాడు లేడు. నాతాను ప్రవక్త వచ్చి నేరుగా నిందించలేదు, ఒక పేదవాడి ఒంటరి గొర్రెపిల్లను ధనవంతుడు లాక్కున్న కథ చెప్పాడు. దావీదు కోపంతో ఊగిపోయి ధనవంతుడికి శిక్ష ప్రకటించాక, ఆ మనిషివి నువ్వే అన్నాడు నాతాను. అప్పుడు దావీదు అన్నది ఒక్క పొట్టి వాక్యం, తాను యెహోవాకు విరోధంగా పాపం చేశానని. సాకు లేదు, వివరణ లేదు. ఇదంతా రెండో సమూయేలు 11, 12 అధ్యాయాల్లో ఉంది. 51వ కీర్తన శీర్షిక దాన్ని ఈ సంఘటనకే ముడివేస్తుంది. కతోలిక సంప్రదాయం పశ్చాత్తాప కీర్తనలని లెక్కించే ఏడింటిలో (6, 32, 38, 51, 102, 130, 143) ఎక్కువ వాడుకలో ఉన్నది అదే.

ఆ కీర్తన మొదటి రెండు వచనాల్లోనే మూడు మాటలున్నాయి. తెలుగు బైబిలు వాటిని అతిక్రమం, దోషం, పాపం అని వేరుచేసి చూపింది. హీబ్రూలో మొదటిది తిరుగుబాటు, రెండోది వంకర, మూడోది గురి తప్పడం. మీ చీటీలో ప్రతి పంక్తి పక్కన ఈ మూడింటిలో ఏదో రాసి చూడండి. తెలిసి ఎదురు తిరిగానా, నా స్వభావంలోనే వంకర ఉందా, మంచికే పోయి గురి తప్పానా? మూడింటికీ మందు ఒకటి కాదు.

ఐదో అడుగు: ఎవరికి చెప్పాలి?

కొత్తవాళ్లు మొదట అడిగే ప్రశ్న ఇదే. సమాధానాలు నాలుగు, ఒకటి ఇంకోదాన్ని కొట్టేయదు.

మొదటిది దేవుడికి, ఒంటరిగా. మొదటి యోహాను పత్రిక 1వ అధ్యాయం మీద ఆధారపడిన పద్ధతి. స్వతంత్ర సంఘాల్లో ఎక్కువమంది ఇక్కడే ఆగుతారు.

రెండోది సంఘంతో కలిసి. సి.ఎస్.ఐ. ఆరాధనలో ప్రభురాత్రి భోజన సంస్కారం రోజున అందరూ మోకరించి ఒకే గొంతుతో ఒప్పుకోలు చెబుతారు, తర్వాత అయ్యగారు లేచి క్షమాపణ ప్రకటన చేస్తారు. 1947 సెప్టెంబర్ 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడ్డాక 1950లో వచ్చిన ప్రభురాత్రి భోజన క్రమంలో ఒప్పుకోలును మొదట్లోనే, వాక్యం వినడానికి ముందే పెట్టారు. ఇంటికొచ్చినవాడు ముందు కాళ్లు కడుక్కున్నట్టు. పుస్తకంలో అచ్చయిన మాటలు నావెలా అవుతాయని కొందరు అడుగుతారు. మూడో అడుగులో చీటీ రాసినవాళ్లకు ఆ ప్రశ్న రాదు. అచ్చు మాటల మధ్య వాళ్ల 24 బీడీల కట్ట కూర్చుని ఉంటుంది.

మూడోది గురువుకు. కతోలికుల పాపసంకీర్తనం. యోహాను సువార్త 20వ అధ్యాయంలో మరణం నుంచి లేచిన యేసు శిష్యులకిచ్చిన అధికారం దీనికి ఆధారమని వాళ్లు చెబుతారు. కనీసం ఏడాదికోసారి చేయాలని 1215లో నాలుగో లాటరన్ మహాసభ నియమం పెట్టింది. 1973లో వచ్చిన కొత్త క్రమం ప్రకారం తెర చాటున చెప్పొచ్చు, ఎదురుగా కూర్చునీ చెప్పొచ్చు. మొదటిసారి పోయేవాళ్లు ఇంత గుర్తుంచుకుంటే చాలు: సిలువ గుర్తు వేసుకుని, పోయినసారి ఎప్పుడు చేశారో (ఇదే మొదటిసారైతే ఆ సంగతి) చెప్పండి, చీటీలో ఉన్నవి పేరుపేరునా చెప్పండి, ఫాదర్ చేయమన్న ప్రాయశ్చిత్తం వినండి, దుఃఖప్రార్థన చెప్పండి, ఆయన పాపవిమోచన మాటలు పలికాక లేవండి. మరిచిపోతే ఆయనే అందిస్తారు, భయపడకండి. అక్కడ విన్నది గురువు ఎవరికీ, ఏ కారణంతోనూ చెప్పకూడదు. 1983 నాటి కతోలిక ధర్మశాసనంలో ఆ రహస్యాన్ని నేరుగా బయటపెట్టిన గురువుకు వెలివేతే శిక్ష.

నాలుగోది తోటి విశ్వాసికి. యాకోబు పత్రిక 5వ అధ్యాయం ఒకరితో ఒకరు ఒప్పుకోమంటుంది. కరీంనగర్ ప్రాంతపు సి.ఎస్.ఐ. సంఘాల వేర్లు వెస్లియన్ మెథడిస్టు మిషన్‌లో ఉన్నాయి, కరీంనగర్ పట్నంలోని కథీడ్రల్ పేరే వెస్లీది. ఆ జాన్ వెస్లీ 1738 డిసెంబర్‌లో చిన్న చిన్న గుంపుల కోసం నియమాలు రాశాడు. వారానికోసారి కలవాలి, పోయినసారి కలిసినప్పటి నుంచి తెలిసి చేసిన పాపాలేమిటో ఒకరినొకరు అడగాలి. మన సంఘాలు వెస్లీ పేరు గోడ మీద ఉంచుకుని ఆ అలవాటును మాత్రం వదిలేశాయి. బహుశా మంచికే వదిలేశాయేమో అని కూడా అనిపిస్తుంది నాకు, ఎందుకంటే మన ఉపవాస ప్రార్థన కూటాల సంగతి తెలిసిందే. "ఫలానా సోదరి ఇంట్లో పరిస్థితి బాగాలేదు, పేరు చెప్పను గానీ ఆ మూల మీది ఇల్లు, ప్రార్థించండి" అని ఒకరు లేస్తారు. సాయంత్రానికి వాడంతా ప్రార్థనాంశమే.

అందుకే ఈ నాలుగో దారి ఎంచుకుంటే మనిషిని చూసుకోండి. ఇతరుల రహస్యాలు మీకు చెప్పేవాళ్లకు మీవి చెప్పకండి. సాక్ష్యం పేరుతో మైకు ముందు అంతా విప్పమని ఎవరైనా ఒత్తిడి చేస్తే కాదనే హక్కు మీకుంది. తప్పు ఎంతమందికి తగిలిందో ఒప్పుకోలు అంతమంది ముందు చాలు.

ఆరో అడుగు: విన్నాక లేవండి

కొందరు ఒకే తప్పును పదేళ్లు రోజూ ఒప్పుకుంటారు. రసీదు తీసుకున్న అప్పుకు మళ్లీ మళ్లీ కిస్తీ కట్టినట్టు. కౌంటర్లో ఉన్నవాడు "నీది అయిపోయిందయ్యా" అన్నా కదలరు. ఇది వినయంలా కనిపిస్తుంది గానీ, అవతలివాడి మాట మీద నమ్మకం లేకపోవడం కూడా కావచ్చు. ప్రార్థన ముగించేటప్పుడు ఒక్క వాక్యం పైకి అనండి: క్షమించినందుకు వందనాలు. లేచి నీళ్లు తాగి పడుకోండి.

ఏడో అడుగు: గెట్టు వెనక్కి జరపండి

పాలివాళ్ల మధ్య గెట్టు తగాదాలు మా వైపు కొత్తకాదు. రెండేళ్లకోసారి దున్నేటప్పుడు నాగలి గానీ ట్రాక్టరు గానీ జానెడు అటు జరుగుతుంది. పదేళ్లకు అది నాలుగు సాళ్లవుతుంది. అలా జరిపినవాడు ఆదివారం కన్నీళ్లతో ఒప్పుకుని, సోమవారం ఆ నాలుగు సాళ్లలోనే పసుపు పెడితే ఏమనాలి?

మోషే ధర్మశాస్త్రం ఇక్కడ లెక్క ఖచ్చితంగా చెప్పింది. లేవీయకాండం 6, సంఖ్యాకాండం 5 చూడండి. మోసంతో తీసుకున్నది అసలు తిరిగివ్వాలి, దాని మీద ఐదో వంతు కలపాలి. 10,000కు 12,000. యెరికోలో సుంకం వసూలు చేసే జక్కయ్య ఇంకా ముందుకు పోయి నాలుగింతలు ఇస్తానన్నాడు. యేసు ఆయన ఇంటికి రక్షణ వచ్చిందని చెప్పింది ఆ మాట తర్వాతే. డబ్బు కట్టి క్షమాపణ కొన్నాడని కాదు. క్షమాపణ దొరికినవాడి చేతులు అలా తెరుచుకుంటాయి.

దేవుడి దగ్గర ఒప్పుకుంటే ఫలితాలు కూడా మాఫీ అవుతాయనుకోవద్దు. దావీదుకు క్షమాపణ దొరికింది. అయినా పుట్టిన బిడ్డ చనిపోయాడు, ఊరియా తిరిగి రాలేదు. బండి తాగి నడిపి ఒకరిని గుద్దినవాడు మోకరించాలి, స్టేషన్‌కూ పోవాలి.

మనిషి దగ్గరికి పోయినప్పుడు మాట పొట్టిగా ఉండాలి. "అన్నా, ఆ నాలుగు సాళ్లు నీయే. నేనే జరిపిన. రేపు ఇద్దరం కలిసి రాళ్లు పాతుదాం, నన్ను మాఫ్ చెయ్యి." ఇంతే. వెంటనే చేయి కలపకపోతే నొచ్చుకోవద్దు. మీకు చెప్పడానికి పదేళ్లు పట్టింది, ఆయనకు వినడానికి పది రోజులైనా ఇవ్వాలి కదా.

ఎనిమిదో అడుగు: మనకు రావాల్సిన బాకీ

ప్రార్థనలో ఇబ్బంది పెట్టే ముక్క ఇది. మనం మన బాకీదార్లను వదిలినట్టే మన బాకీ వదలమని అడుగుతున్నాం. ప్రార్థన అయ్యాక కూడా యేసు మళ్లీ వివరించింది ఈ ఒక్క ముక్కనే.

ఎన్నిసార్లు క్షమించాలి, ఏడుసార్లా అని పేతురు అడిగితే యేసు మత్తయి 18లో ఒక కథ చెప్పాడు. రాజుకు 10,000 తలాంతులు బాకీ ఉన్న దాసుడు కాళ్లమీద పడితే రాజు మొత్తం వదిలేశాడు. బయటికొచ్చిన ఆ దాసుడు తనకు 100 దేనారాలు ఇవ్వాల్సినవాడి గొంతు పట్టుకున్నాడు. ఈ అంకెలు చదివినప్పుడు మనకేమీ తట్టదు, తలాంతు అంటే బంగారు పతకమేదో అనుకుంటాం. లెక్క కడదాం. దేనారం ఒక రోజు కైకిలి. 2024-25లో తెలంగాణలో ఉపాధి హామీ కూలి రోజుకు 300 రూపాయలు. 100 దేనారాలంటే 100 రోజులు, అంటే అప్పట్లో ఒక కుటుంబానికి ఏడాదికి హామీ ఇచ్చిన పనిదినాలన్నీ: 30,000 రూపాయలు. చిన్న మొత్తమేం కాదు, గొంతు పట్టుకునేంత కోపం రావడం సహజమే. ఒక తలాంతుకు 6,000 దేనారాలు. 10,000 తలాంతులకు 6 కోట్ల రోజుల కూలి, 1,800 కోట్ల రూపాయలు. ఒక్క పూట మానకుండా పనికి పోయినా తీరడానికి లక్షా 64 వేల ఏళ్లు. కథలో దాసుడు రాజుతో "ఓపిక పట్టు, మొత్తం కడతా" అంటాడు. యేసు మాటలు వింటున్నవాళ్లు అక్కడ నవ్వి ఉంటారు.

30,000 నిజమైన బాకీ అని కథ ఒప్పుకుంటుంది, అది నాకు నచ్చుతుంది. మీకు జరిగిన అన్యాయం చిన్నదనీ, ఊహించుకున్నదనీ అనడం లేదు. కాబట్టి క్షమించేటప్పుడు కూడా ముందు లెక్క రాయండి: ఎవరు, ఏం చేశారు, నాకేం పోయింది. లెక్క రాయకుండా "పోనీలే" అనుకున్నది ఆరు నెలలకు మిత్తితో సహా తిరిగొస్తుంది. రాశాక, ఆ పంక్తిని దేవుడి ముందు పైకి చదివి, ఈ బాకీ ఇక నేను వసూలు చేయను అని చెప్పండి. మనసు ఒప్పకపోతే ఒప్పడం లేదనే చెప్పండి, అదీ ఒప్పుకోలే.

ఒక హెచ్చరిక, దీన్ని మాత్రం దాటవేయకండి. కొట్టే మొగుడిని క్షమించడం వేరు, దెబ్బలు తినడానికి ఆ ఇంట్లోనే ఉండిపోవడం వేరు. పిల్లల మీద అఘాయిత్యం చేసినవాడి గురించి పోలీసులకు చెప్పడం క్షమించకపోవడం కాదు. "ప్రార్థనలో పెట్టు తల్లీ, బయట అనకు" అని సలహా ఇచ్చేవాళ్లు ఎవరి బాకీని ఎవరి మీద వేస్తున్నారో చూసుకోవాలి. పగ వదలడానికి మీరొక్కరు చాలు, మళ్లీ కలిసి ఉండడానికి అవతలివాళ్లు కూడా మారాలి.

సి.ఎస్.ఐ. సంస్కారంలో కానుకకు ముందు సమాధానం పంచుకునే ఘట్టం ఒకటుంటుంది. బల్ల దగ్గర అయ్యగారు మొదలుపెడితే, ఒకరి నుంచి ఒకరికి రెండు చేతులతో చేయి కలుపుతూ వెనక చాప దాకా వస్తుంది. మత్తయి 5లో చెప్పిన మాటను ఆచారంగా మార్చిన చోటు అది: నీ మీద ఎవరికైనా బాధ ఉంటే కానుక అక్కడే పెట్టి, ముందు వెళ్లి సర్దుకుని రమ్మన్నది. ఆ వరుసలో సరిగ్గా ఆ మనిషే మీ పక్కన ఉంటే, చేయి వెనక్కి తీసుకోకుండా ఉండగలిగితే ఆ రోజుకు చాలు.

మళ్లీ అదే తప్పు చేస్తే? మూడో అడుగు నుంచి మళ్లీ మొదలుపెట్టండి. పేతురు అడిగిన ఏడుసార్లను యేసు డెబ్బై రెట్లు చేశాడు గదా, అది మనకు వర్తించదని ఎక్కడా లేదు.

ఇక ఆ చీటీ. పని అయ్యాక దాన్ని పొయ్యిలో వేయండి. బైబిల్లో మాత్రం దాచకండి. నేను తొమ్మిదో తరగతిలో ఒక లెంట్ కాలంలో బుద్ధిగా చీటీ రాసి, 51వ కీర్తన దగ్గర పెట్టి మరిచిపోయాను. అందులో నాలుగో పంక్తి: అమ్మ పోపుల డబ్బాలోంచి 20 రూపాయలు తీసుకున్నాను. ఈస్టర్ అయిన చాలా రోజులకు పేజీలు తిప్పుతుంటే దొరికింది. నాలుగో పంక్తిలో 20ని పెన్సిల్‌తో కొట్టేసి ఉంది. పక్కన అమ్మ చేతిరాత: 50.

ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. పోపుల డబ్బా ఎప్పటిలాగే నా చేతికందే గూట్లోనే ఉంది, అందులో చిల్లరతో సహా.